ఆఫీసు ప్రశ్నలు – జవాబులు: మీటింగ్‌లో తలూపి, బయటికొచ్చి గొణుక్కుంటే

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే మాట అడుగుతున్నాయి. మా వాళ్ళు సరైన నిర్ణయాలు తీసుకోవడం లేదు, వాళ్ళని మార్చేదెలా అని. మనుషుల్ని మార్చే సంగతి పక్కన పెట్టండి. ఆ నిర్ణయం వాళ్ళ ముందుకి ఎలా వచ్చింది, ఎవరు ముందు నోరు తెరిచారు, ఆలోచించుకోవడానికి ఎంత టైమిచ్చారు, ఇవి చూస్తే చాలాసార్లు జవాబు అక్కడే కనిపిస్తుంది. ఇక ఉత్తరాలు.

ప్రశ్న: నా టీమ్‌లో తొమ్మిది మంది ఉన్నారు. మీటింగ్‌లో ఏదైనా ప్లాన్ చెప్పి "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అంటే ఒక్కరూ మాట్లాడరు. నెల తిరిగేసరికి అది బెడిసికొడుతుంది. అప్పుడు మాత్రం "ఇది కుదరదని మాకు ముందే అనిపించింది సార్" అంటారు. అనిపిస్తే అప్పుడే చెప్పొచ్చుగా? వీళ్ళకి ధైర్యం నూరిపోయడం ఎలా? – ఒక టీమ్ లీడర్

జవాబు: నూరిపోయకండి, దానివల్ల ఏమీ రాదు. మీరు అడిగిన తీరు చూడండి. ప్లాన్ మీరే చెప్పారు, అది మీకు బాగా నచ్చిందని మొహంలోనే తెలిసిపోతోంది, ఆ తర్వాత అభ్యంతరం ఉందా అన్నారు. ఇప్పుడు ఎవరైనా నోరెత్తితే ప్లాన్‌ని కాదన్నట్టు ఉండదు, మిమ్మల్నే కాదన్నట్టు ఉంటుంది, అదీ మిగతా ఎనిమిది మంది చూస్తుండగా. ఎవరు మాట్లాడతారండీ?

1950ల మొదట్లో సాలమన్ ఆష్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఒక ప్రయోగం చేశాడు. ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానితో సమానంగా ఉన్నది ఏది అని అడగడం, అంతే. ఎవరైనా చెప్పేయగలరు. కిటుకేమిటంటే గదిలో ఒక్కడు తప్ప మిగతా అందరూ ఆయన ముందుగా మాట్లాడిపెట్టుకున్న మనుషులే, కొన్ని రౌండ్లలో కావాలని అందరూ ఒకే తప్పు జవాబు చెప్పారు. అలాంటి రౌండ్లలో మూడో వంతుకు పైగా సార్లు ఆ ఒక్కడూ కళ్ళెదుట ఉన్నదాన్ని వదిలేసి వాళ్ళ తప్పునే చెప్పాడు. పాల్గొన్నవాళ్ళలో నూటికి 75 మంది దాకా కనీసం ఒక్కసారైనా అలా లొంగిపోయారు. ఆ గదిలో బాస్ లేడు, ప్రమోషన్ లేదు, జీతం పెంపు లేదు. అయినా అంత పని జరిగింది.

ఈ ప్రయోగం గురించి చెప్పేవాళ్ళు సాధారణంగా ఇక్కడ ఆపేసి "చూశారా, మనుషులు గొర్రెల్లాంటి వాళ్ళు" అంటారు. నాకు ఆ మాట నచ్చదు, ఎందుకంటే అసలు పనికొచ్చే భాగం తర్వాత ఉంది. గదిలో ఇంకొక్క మనిషి నిజం చెబితే చాలు, ఆ లొంగుబాటు బాగా పడిపోయింది. జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాయమన్నప్పుడూ పడిపోయింది. ఎవరికీ ధైర్యం మీద క్లాసు పీకలేదు, అడిగే పద్ధతి మారిందంతే.

కాబట్టి మీ మీటింగ్ పద్ధతి మార్చండి. ప్లాన్‌ని ఒక పేజీలో రాసి ముందు రోజే పంపించండి. అందరూ వచ్చి కూర్చున్నాక ఓ ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా, ఈ ప్లాన్ ఎక్కడ దెబ్బతింటుందో ఎవరికి వాళ్ళు రాసుకోవాలి. తర్వాత అందరికన్నా జూనియర్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కరూ రాసింది చదవాలి. మీరు చివర. చివర అంటే నిజంగా చివరే, మధ్యలో కనుబొమలు ఎగరేసినా, "ఊఁ, అది మనం చూసుకున్నాంలే" అన్నా మాట్లాడినట్టే.

"ఎక్కడ దెబ్బతింటుంది" అని అడగడానికి గ్యారీ క్లైన్ అనే సైకాలజిస్టు ఇంకా మంచి దారి చూపించాడు, దాన్ని ప్రీమార్టమ్ అంటారు. పని మొదలుపెట్టక ముందే టీమ్‌ని కూర్చోబెట్టి "ఏడాది గడిచింది, ఈ ప్రాజెక్టు ఘోరంగా ఫెయిలైంది, ఎందుకు ఫెయిలైందో రాయండి" అంటారు. ఫెయిలవుతుందా అని అడిగితే, అవుననేవాడు అపశకునం పలికినవాడవుతాడు. ఫెయిలైంది, కారణం చెప్పు అంటే మాత్రం ఎక్కువ కారణాలు చెప్పినవాడే తెలివైనవాడు. నోరు విప్పని మనిషి కూడా నాలుగైదు రాసేస్తాడు.

ఇది చిన్న విషయం అనుకుంటే, స్పెయిన్‌కి చెందిన టెనెరిఫె దీవిలో జరిగిన విమాన ప్రమాదం ఒక్కసారి గుర్తు చేసుకోండి. 1977 మార్చి 27న అక్కడి విమానాశ్రయంలో పొగమంచులో రెండు జంబో జెట్లు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. టేకాఫ్ తీసుకుంటున్న కేఎల్ఎం అనే డచ్ సంస్థ విమానంలో ఫ్లైట్ ఇంజినీరుకి అనుమానం వచ్చింది, అవతలి విమానం ఇంకా రన్‌వే మీద నుంచి తప్పుకోలేదా అని అడిగాడు కూడా. కెప్టెన్ ఆ సంస్థలో బాగా సీనియర్, పైలట్లకి శిక్షణ ఇచ్చే మనిషి. తప్పుకుందని గట్టిగా చెప్పాడు, ఆ అనుమానం అక్కడితో ఆగిపోయింది. ప్రమాదానికి ఇదొక్కటే కారణం కాదు, రేడియోలో మాటలు సరిగ్గా వినపడకపోవడం దగ్గర్నుంచి చాలా కలిశాయి. కానీ ఇలాంటి ప్రమాదాల తర్వాత విమానయానంలో క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అనే శిక్షణ పుట్టింది. జూనియర్ ఎలా గట్టిగా చెప్పాలి అన్నది మాత్రమే కాదు, కెప్టెన్ ఎలా వినాలి అన్నది కూడా అందులో నేర్పుతారు. మీరు మొదటి సగం గురించే అడిగారు, రెండో సగం మీది.

ఇంకొకటి, "ప్రాబ్లమ్‌తో రావద్దు, సొల్యూషన్‌తో రండి" అనే డైలాగ్ మీ నోట ఉంటే ఇవాళే మానేయండి. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, సొల్యూషన్ దొరకని పెద్ద సమస్యలన్నీ మీ దాకా రాకుండా అదే ఆపేస్తుంది. ఇక మొదటిసారి ఎవరైనా మీ ప్లాన్‌లో తప్పు చూపించినప్పుడు "థాంక్స్" అని ఊరుకోకండి, ఆ మాట వల్ల ప్లాన్‌లో ఏదో ఒకటి మారాలి, మారినట్టు అందరికీ కనపడాలి. ఒకవేళ మార్చకపోతే ఎందుకు మార్చలేదో చెప్పండి. మీరేం చేస్తారా అని మిగతా ఎనిమిది మందీ చూస్తూనే ఉంటారు.

ప్రశ్న: రెండేళ్ళుగా మా ఆఫీసులో లోపల వాడుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నాం. వాడాల్సినవాళ్ళకి అది నచ్చలేదు, పాతదే వాడుతున్నారు. ఆపేద్దామంటే పైవాళ్ళు "ఇంత ఖర్చు పెట్టాక ఇప్పుడెలా ఆపుతాం" అంటున్నారు. పోయిన డబ్బు ఎలాగూ పోయింది, అది లెక్కలోకి రాకూడదు అని ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కడం లేదు. – ఒక ప్రాజెక్ట్ మేనేజర్

జవాబు: బుర్రకెక్కకపోవడం కాదమ్మా, ఆ పాఠం వాళ్ళకి మీకన్నా ముందే తెలిసి ఉంటుంది. ఆపేస్తే, ఇది మొదలుపెట్టమన్న మనిషి తప్పు చేసినట్టు ఊరంతా చాటినట్టవుతుందని భయం, అదీ అడ్డు. బ్యారీ స్టా అనే పరిశోధకుడు 1976లో బిజినెస్ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశాడు. కంపెనీలో ఏ విభాగానికి డబ్బు ఇవ్వాలో కొందరిచేత ఎంపిక చేయించాడు, ఇంకొందరికి వేరేవాళ్ళు చేసిన ఎంపికని అప్పగించాడు. ఎంచుకున్న విభాగం నష్టాల్లో పడ్డాక మళ్ళీ డబ్బు పంచమంటే, తామే ఎంచుకున్నవాళ్ళు దానికే ఎక్కువ పోశారు. వేరేవాళ్ళ ఎంపిక చేతికొచ్చినవాళ్ళు అంత పోయలేదు.

అందుకని మీరు చేయగలిగినవి రెండున్నాయి. మొదటిది, కొనసాగించాలా వద్దా అన్న సమీక్ష, మొదలుపెట్టినవాళ్ళ చేతిలో లేకుండా చూడటం. వేరే విభాగం నుంచి ఒకరిని పిలవండి. వాళ్ళ ముందు ఈ ఒక్క ప్రశ్న పెట్టండి: ఈ సాఫ్ట్‌వేర్ ఇప్పుడున్న స్థితిలో మనకి ఉచితంగా దొరికింది, పూర్తి చేయడానికి ఇంకా ఇంత ఖర్చు, ఇంత టైము పడుతుంది, తీసుకుంటామా? ఈ ప్రశ్నలో ఖర్చయిపోయిన డబ్బు ఊసే రాదు, ఎవరినీ తప్పు పట్టినట్టూ ఉండదు. ఒక్కోసారి దీనికి "తీసుకుంటాం" అనే జవాబు వస్తుంది, ఎందుకంటే మిగిలిన పని కొంచెమే అయి ఉండొచ్చు. ఆపడమే తెలివి అని ముందే తీర్మానించుకుని వెళ్ళకండి.

రెండోది, వాళ్ళు ఎలాగూ కొనసాగిస్తామంటే సరే అనండి, కానీ ఏది జరిగితే ఆపేస్తామో ఇప్పుడే రాయించుకోండి. ఫలానా తేదీకల్లా వాడేవాళ్ళలో కనీసం సగం మంది పాతది వదిలి ఇటు రాకపోతే ఆపేస్తాం, ఇలా ఒక తేదీ, ఒక సంఖ్య. "పరిస్థితిని బట్టి చూద్దాం" అని రాయనివ్వకండి, ఆ పరిస్థితి ఎప్పటికీ రాదు. ఆపాక టీమ్‌లో వాళ్ళని ఎక్కడికి పంపుతారో కూడా అందులోనే ఉండాలి, లేకపోతే ఉద్యోగ భయంతో వాళ్ళే ఆ సంఖ్యని ఎలాగోలా లాక్కొస్తారు. నేనైతే వాళ్ళని తప్పు పట్టను.

ప్రశ్న: నేను చేరి ఏడాదైంది. ఒక పనిలో రిస్క్ ఉందని బాస్‌కి రెండుసార్లు చెప్పాను. "డేటా ఏది?" అంటారు. ఉన్న నాలుగు ఉదాహరణలు చూపిస్తే అవి యాదృచ్ఛికం అంటారు. వదిలేయమంటారా? – ఒక జూనియర్ ఇంజినీరు

జవాబు: వదిలేయకండి, కానీ మూడోసారి కూడా అలాగే వెళ్ళకండి.

1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక గాల్లోకి లేచిన 73 సెకన్లకే ముక్కలై ఏడుగురు చనిపోయారు. ముందు రోజు రాత్రి ఫోన్ మీటింగ్‌లో రాకెట్ తయారుచేసిన మోర్టన్ థయోకోల్ కంపెనీ ఇంజినీర్లు వద్దనే చెప్పారు. ఇంత చలిలో కీళ్ళ దగ్గరుండే రబ్బరు ఓ-రింగ్‌లు సరిగ్గా మూసుకోవు, 53 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తక్కువలో ప్రయోగించొద్దు అని. అవతలున్న నాసా వాళ్ళు రుజువు అడిగారు. వీళ్ళ చర్చంతా ఓ-రింగ్‌లు దెబ్బతిన్న ప్రయోగాల చుట్టూనే తిరిగింది, వాటిలో చలి రోజుదీ ఉంది, 75 డిగ్రీల వెచ్చటి రోజుదీ ఉంది. అలా చూస్తే చలికీ దీనికీ సంబంధం తేలలేదు. తర్వాత విచారణ జరిపిన రోజర్స్ కమిషన్, ఏ ఇబ్బందీ రాని ప్రయోగాల్ని కూడా కలిపి చూసింది. 66 డిగ్రీలు, ఆపైన జరిగిన 20 ప్రయోగాల్లో మూడింటిలోనే ఓ-రింగ్‌లు దెబ్బతిన్నాయి, 63 అంతకన్నా తక్కువలో జరిగిన నాలుగుకి నాలుగింటిలోనూ దెబ్బతిన్నాయి. కాగితం మీద ఇలా పక్కపక్కన పెడితే అడగాల్సిన ప్రశ్నే ఉండదు.

తప్పు ఆ ఇంజినీర్లదని నేననడం లేదు. "సురక్షితమని నిరూపించు" అనాల్సిన చోట "ప్రమాదమని నిరూపించు" అన్నారు, పైగా వాళ్ళ కంపెనీ పెద్ద మేనేజరే తన కింది అధికారితో ఇంజినీరులా ఆలోచించడం మాని మేనేజర్‌లా ఆలోచించమన్నాడు. ఇంజినీర్లు వద్దంటున్నా కంపెనీ మాట మార్చి సరేనంది. కానీ మీ చేతిలో ఉన్నది మీ కాగితం కాబట్టి దాని గురించి చెబుతున్నాను. చెడిపోయిన నాలుగు మాత్రమే పట్టుకెళ్తే యాదృచ్ఛికం అనేస్తారు. చెడిపోనివి కూడా పట్టుకెళ్ళండి. ఏ పరిస్థితిలో ఎన్ని చేశాం, ఎన్ని బాగున్నాయి, ఎన్ని పోయాయి, ఒక్క చిన్న పట్టిక చాలు. అది వేశాక మీ అనుమానమే తప్పని తేలినా మంచిదే కదా.

రెండోది, "కొంచెం రిస్క్ ఉందేమో సార్" అనే వాక్యంతో బాస్ ఏం చేసుకోవాలి? ఏం చేయమంటున్నారో చెప్పండి. "ఒక వారం ఆపి, ఈ ఒక్క పరీక్ష చేద్దాం" అంటే అది ఆయన సరే అనో వద్దు అనో అనగలిగే మాట. అయినా వద్దంటే ఇది అడగండి: "సార్, ఏది చూపిస్తే మీరు ఆపుతారు?" ఏది చూపించినా ఆపను అని ఎవరూ నోటితో అనలేరు. చెప్పిన జవాబుని ఆ సాయంత్రం రెండు లైన్ల మెయిల్‌లో పెట్టండి. ఆయన్ని ఇరికించడానికి కాదు, వారం తర్వాత ఇద్దరికీ అదే గుర్తుండాలని.

ప్రశ్న: మా మేనేజర్ చిన్న మెయిల్ పంపాలన్నా తనకి చూపించమంటారు. రోజంతా ఆమె సరే అనడం కోసం ఎదురుచూపే. ఏం చేయను? – పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: నిర్ణయాలు రెండు రకాలు. తప్పయితే రేపు వెనక్కి తీసుకోగలిగేవి, తీసుకోలేనివి. అమెజాన్ జెఫ్ బెజోస్ వాటాదారులకి రాసిన ఒక లేఖలో వీటిని అటూఇటూ నడవగల తలుపు, వెళ్తే తిరిగి రాలేని తలుపు అని విడదీశాడు, కంపెనీలు పెద్దవయ్యాక మొదటి రకాన్ని కూడా రెండో రకంలా సాగదీస్తాయని అన్నాడు. మీరు గత నెలలో ఆమెకి చూపించినవన్నీ రాసి ఈ రెండు కుప్పలుగా వేయండి. మొదటి కుప్పలోవి కొన్ని చూపించి, "ఈ నెల రోజులు వీటిని నేనే చేసేసి సాయంత్రం మీకొక లిస్టు పంపిస్తాను, ఏదైనా నచ్చకపోతే మర్నాడే మార్చేద్దాం" అనండి. "నాకు స్వేచ్ఛ కావాలి" అని మాత్రం అడగొద్దు, ఆమె టెన్షన్ ఇంకా పెరుగుతుంది.

ప్రశ్న: ఎన్ని రోజులు పడుతుందని అడిగితే మా వాళ్ళు ఒక లెక్క చెబుతారు, దానికి ఒకటిన్నర రెట్లు పడుతుంది. ప్రతిసారీ ఇంతే. అబద్ధం చెబుతున్నారా? – ఒక మేనేజర్

జవాబు: అబద్ధం కాదు, నిజంగానే అలా అనుకుంటారు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే పరిశోధకులు డిగ్రీ థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురు తిరిగితే ఎన్ని రోజులు అన్నా 49 దగ్గర ఆగారు. పట్టింది 55కి పైనే. చెడ్డరోజుల లెక్క కూడా చాల్లేదు చూడండి, అందుకే "జాగ్రత్తగా ఆలోచించి చెప్పండి" అంటే ఉపయోగం లేదు. జాగ్రత్తగా ఆలోచించేకొద్దీ ఆ పనిలోని మెట్లే కనిపిస్తాయి, మధ్యలో వచ్చే జ్వరాలూ, వేరే అర్జంటు పనులూ కనిపించవు.

కాబట్టి ఎన్ని రోజులు పడుతుంది అని అడగడం మానేసి, ఇలాంటిది పోయినసారి చేసినప్పుడు ఎన్ని రోజులు పట్టింది, అంతకు ముందు ఎన్ని పట్టింది అని అడగండి. "ఈసారి వేరండి" అంటారు. ప్రతిసారీ వేరే, అయినా లెక్క అదే తేలుతోందని మీరే రాశారు. ఇంకో సంగతి, 40 రోజులు అన్నవాడితో "30లో అవ్వదా?" అని మీరు బేరం ఆడుతున్నట్టయితే వాళ్ళ తప్పు ఏమీ లేదు, మీకు వినాలని ఉన్న అంకెని వాళ్ళు చెబుతున్నారు.

ప్రశ్న: మీరు చెప్పేవన్నీ బాగానే ఉంటాయి, రాసుకోవడాలు, పట్టికలు, సమీక్షలు. ఇవన్నీ చేస్తూ కూర్చుంటే పనెప్పుడు చేయాలి? – ఒక విసిగిపోయిన పాఠకుడు

జవాబు: అన్నిటికీ చేయమని ఎవరన్నారు? వెనక్కి తీసుకోలేని వాటికి, ఖరీదైన వాటికి చేయండి, మిగతావి నాణెం ఎగరేసి తేల్చినా నాకు అభ్యంతరం లేదు. పైగా మంచి పద్ధతి పొడవుగా ఉండక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం తెచ్చిన చెక్‌లిస్టులో 19 అంశాలే ఉన్నాయి, చదవడానికి రెండు మూడు నిమిషాలు. వేర్వేరు దేశాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో దాన్ని వాడి చూసి 2009లో ఫలితాలు వేశారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయి. మత్తు, రక్తం, పరికరాల ప్రశ్నలతో పాటు, కోత పెట్టకముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరూ, చేసే పనీ పైకి చెప్పాలనే అంశం కూడా అందులో ఉంది. ఒకసారి గొంతు విప్పిన మనిషి, తర్వాత ఏదైనా తేడా కనిపిస్తే మళ్ళీ విప్పుతాడని దాని వెనక ఆలోచన.

అదీ కష్టమంటే, టైమ్ ఏమీ పట్టని పని ఒకటి ఉంది. అలసిపోయినప్పుడు పెద్ద నిర్ణయం పెట్టుకోకండి. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరు స్థాయికి పడిపోతుందని 1997లోనే కొలిచి చూపించారు. తాగి వచ్చినవాడిని మీటింగ్‌లో కూర్చోనివ్వం కదా, మరి రాత్రంతా పనిచేసి వచ్చినవాడి చేత కాంట్రాక్టు మీద సంతకం పెట్టిస్తాం. ఈ శుక్రవారం సాయంత్రం ఏడింటికి అలాంటి మీటింగ్ ఏదైనా ఉంటే సోమవారం పొద్దుటికి మార్చేయండి.